లండన్ దొర్సాని

ఎల్లవ్వ నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. ఎవరి ఫోనో అడిగి తీసుకున్నట్టుంది, గట్టిగా అరుస్తోంది.

"పంతులమ్మా, నేను ఎల్లవ్వను. లండన్ దొర్సాని పోయింది. పట్నంల తమ్ముని ఇంట్ల పోయిందట. పోయి నెల దాటింది. నాకు నిన్ననే తెలిసింది. నీకు చెప్పెటోళ్లు ఎవ్వలుంటరని నేనే చేసిన."

ఫోన్ ఇచ్చినవాళ్లు తొందర చేశారేమో, "ఉంట మరి" అని పెట్టేసింది. సిరిసిల్లలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. సందులో మరమగ్గాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడు పుట్టినప్పటి నుంచి వింటున్నదే, కానీ ఆ పూట వినలేక లోపలికి వెళ్లి పడుకున్నాను.

ఆమె లండన్ మనిషేమీ కాదు. కోరుట్ల పక్క ఊరి దొర బిడ్డ. డాక్టరును పెళ్లి చేసుకుని, ఇంగ్లండులో ఎక్కడో పైకొసన, ఏడాదిలో సగం రోజులు చలికి వణికే ఊరికి వెళ్లింది. ఆ ఊరి పేరు ఆమె చెప్పేది గానీ నాకు నోరు తిరిగేది కాదు. కోరుట్లవాళ్లకు అరబ్బు దేశాలన్నీ దుబాయి అయినట్టే, చలిదేశాలన్నీ లండనే. పిల్లలు లేరు. భర్త పోయాక తిరిగి వచ్చేసింది. అప్పటికి ఊళ్లో వాళ్ల గడికి, కోటలాంటి ఆ దొరల ఇంటికి, తాళం పడింది. అడవుల్లో తిరిగే దళాలను అప్పుడు మా వైపు అన్నలనే అనేవారు. వాళ్ల భయానికి తండ్రి ఊరు వదిలి పట్నం చేరి, అక్కడే మంచం పట్టి పోయాడు. కోరుట్లలో వాళ్లకున్న పాత పెంకుటింట్లో ఆమె ఒక్కతే దిగింది. ఒక్కతే అంటే, రెండు కుక్కలతో.

నేను ఆడపిల్లల బడిలో ఉద్యోగానికి కొత్తగా వచ్చి ఆ ఇంట్లో గది అద్దెకు అడగడానికి వెళ్లిన రోజున, ఆమె ఇంటి ముందు తారు రోడ్డు మధ్యలో గొంతుకూర్చుని ఉంది. కుడిచేయి తిరగేసి రోడ్డుకు ఆనించి, కళ్లు మూసుకుంది. మగవాళ్ల గడియారం ఒకటి ఆ చేతికి వదులుగా వేలాడుతోంది. ఏదో పారేసుకుందనుకున్నాను.

"ఏం పడ్డదమ్మా?"

"ఎండ పడ్డది" అంది కళ్లు తెరవకుండానే.

తర్వాత లేచి నన్ను కిందినుంచి మీదికి చూసి చెప్పింది. "చెయ్యి ఎనుకభాగం ఆనిచ్చి సూడాలె. నా చెయ్యి ఓర్సుకుంటె వాటి కాళ్లు ఓర్సుకుంటయి. లేకుంటె ఇయ్యాల షికారు లేదు. నువ్వు ఎవ్వలు?"

ఆ రెండు కుక్కలను నేను అప్పుడే చూశాను. భీముడు నలుపూ తెలుపూ. దూడంత ఉండేవాడు, కళ్ల మీదికి బొచ్చు పడి, లోకాన్ని తెర సందులోంచి చూస్తున్నట్టు ఉండేవాడు. ఆ దేశంలో గొర్రెలు కాసే జాతట. బంగారి ఎండబెట్టిన పసుపుకొమ్ము రంగు. ఎవరు వచ్చినా వాళ్ల కాళ్ల మీద పడుకునేది. భీముణ్ని చూసి నేను గోడకు అతుక్కుపోతే, ఆమె "భీమా, పంతులమ్మ భయపడుతుంది. అటు జరుగు" అంది. వాడు అటు జరిగాడు.

నా ముఖం చూసి నవ్వింది. ఆమె నవ్వడం తక్కువ. "ఆ ఊర్ల తెలుగు తెలిసినోళ్లం నలుగురమే. మేమిద్దరం, ఇవి రెండు. ఇంట్ల ఎవ్వలనన్న తెలుగు పేరు పెట్టి పిలవాలె గద. అందుకే ఆయన వీటికి గీ పేర్లు పెట్టిండు. వీటికి ఇంగ్లీషు రాదు."

కోరుట్లలో ఇదొక వింత అయింది. లండన్ కుక్కలకు తెలుగొస్తదట అని జనం గేటు దగ్గర నిలబడి "బంగారీ, కూసో" అనేవారు. బంగారి కూర్చునేది. వాళ్లు చప్పట్లు కొట్టేవారు. ఆమెకు చిరాకు. "సర్కసా ఇది?" అని కసిరి లోపలికి పిలుచుకునేది.

ఆమెకు మనుషులతో మాటలు తక్కువ. ఎండతో మాత్రం పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉండేది. పళ్లు తోముకోకముందే వాకిట్లో నిలబడి ఆకాశం చూసి, "ఇయ్యాల కోపంగున్నవు" అనేది. కావాలనే పుష్యమాసపు చలిలో కుక్కలను తీసుకొచ్చిందట. ఎందుకని అడిగితే చెప్పింది.

"ఎండ కొత్త చుట్టమసొంటిది, పంతులమ్మా. ఒక్కసారే ఇంట్లకు రానియ్యద్దు. ముందుగాల వాకిట్ల నిలవెట్టి మాట్లాడాలె. రోజుకింత చనువియ్యాలె."

ఆ చనువు ఇవ్వడం ఎలాగో ఆ ఇంట్లో అద్దెకుంటూ నేను రెండు ఎండాకాలాలు చూశాను. మొదట్లో కాసేపే ఎండపొడలో తిప్పి నీడకు తెచ్చేది. వారం వారం ఆ కాసేపును కొద్దికొద్దిగా పెంచేది. నాలుక వేలాడేసిన తీరు చూసేది, పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూసేది. తిండి పొద్దు గుంకాకే. పలుచటి అంబలి, మజ్జిగ. వేపచెట్టు కింద నేలలో నీళ్ల గోలెం పాతించింది. తడిపిన గోనెసంచులు కింద పరిచేది గానీ మీద కప్పనిచ్చేది కాదు. "మీద కప్పితె లోపలి ఉడుకు లోపల్నే ఉంటది" అనేది. నేను సిరిసిల్లకు పోయినప్పుడల్లా మగ్గాల దగ్గర మిగిలిన ముతక గుడ్డ తెమ్మని పురమాయించేది. ఆ గుడ్డలు తడిపి కిటికీలకు కట్టేది, కారులో రెండు మడతలు ఎప్పుడూ ఉంచేది.

ఒకసారి గొర్రెలకు బొచ్చు కత్తిరించే కుర్మాయన గేటులోకి తొంగిచూసి, "దొర్సానీ, పాపం ఉడికిపోతుండు, గొరిగేయనా?" అన్నాడు. ఆమె అతన్ని పిలిచి కూర్చోబెట్టి, భీముడి బొచ్చు విడదీసి చూపించింది. "గొర్రెకు ఒకటే బొచ్చు. వీనికి రెండు పొరలు. కిందిది నేను దువ్వి తీస్త. మీదిది వీనికి గొడుగు. గొడుగు గుంజుకుంటె ఎండల ఎట్ల తిరుగుతడు?" అతను ఆ బొచ్చులో వేళ్లు పెట్టి చూసి, "గొడుగే" అని ఒప్పుకున్నాడు.

ఊళ్లో మాటలు పడకపోలేదు. మనుషులు వడదెబ్బకు రాలిపోతుంటే కుక్కలకు తడిగుడ్డలా అని ఎవరో అన్నది ఆమె చెవిన పడింది. మర్నాడు గేటు బయట పెద్ద రంజన్ కుండ పెట్టి, నీళ్లు నింపి, గొలుసుతో గ్లాసు కట్టింది. దానికి నీళ్లు తనే మోసేది.

తన ఇంటి సంగతులు ఆమె ఒక్కసారే చెప్పింది, భీముడి బొచ్చు దువ్వుతూ. "మా గడిల గూడ కుక్కలుండె. వాటికి పేర్లు లెవ్వు. కరిచే కుక్కకు పేరెందుకు అనెటోడు మా నాయిన." దువ్వెనకు చిక్కిన బొచ్చును ముద్ద చేసి పక్కన పెట్టి, మళ్లీ దువ్వసాగింది. ఆ మాట ఎందుకు చెప్పిందో నాకు అప్పుడు తెలియలేదు.

ఎల్లవ్వ మొదటిసారి వచ్చింది నేను దిగిన ఏడాది చలికాలం చివర్లో. చీర కొంగుతో తాడు పేని, దాని కొసన ఒక ఎర్ర ఊరకుక్కను కట్టి లాక్కొచ్చింది. ఆమెది దొర్సాని ఊరే, కల్లు గీసే గౌండ్ల కులం. భర్త తాడిచెట్టు మీదినుంచి పడి పోతే ఒక్క కొడుకును పెంచింది. వాడూ చెట్లెక్కాడు. ఆపైన అన్నల్లో కలిశాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఆమె గేటు లోపల నేల మీద కూర్చుని, "నీ బాంచెన్ దొర్సానీ" అంది.

నీ బానిసను అనే ఆ మాట దొర్సానికి పడేది కాదు. "ఎవ్వలకు ఎవ్వలు బాంచెన్? పైకి వచ్చి కూసో. ఏందో చెప్పు."

ఎల్లవ్వ పైకి రాలేదు. చీర కొంచెం ఎత్తి పిక్క చూపించింది. కండ లేచిపోయి, గుంట పడి, చుట్టూ చర్మం మెరుస్తోంది.

"గిది మీ గడి కుక్క గుర్తు. నీ లగ్గం పందిరికి తాటికమ్మలు తెమ్మంటె పొద్దెక్కి తెచ్చిననని మీ నాయిన ఉసిగొల్పిండు. నువ్వు లోపల పసుపు రాసుకుంటున్నవు."

దొర్సాని మెట్లు దిగి వచ్చి, ఎల్లవ్వ ముందు నేల మీద కూర్చుంది. ఆ పిక్కను చూసింది. రోడ్డు మీద ఆనించినట్టే చేయి తిరగేసి ఆ గుంట మీద ఆనించింది. ఎల్లవ్వే మళ్లీ అంది.

"తిట్టనీకి రాలె నేను. గీ కుక్కను దాచుమనడానికి వచ్చిన. వాళ్లు రాత్రి ఊర్ల మసిలినప్పుడు కుక్కలు మొరిగితె పోలీసోళ్లకు ఎరుకైతుందని, ఊరి కుక్కలను లేకుంట చెయ్యమన్నరు అన్నలు. ఊరంత చంపిండ్రు. నా కొడుకే అండ్ల ఉన్నడు, నేనెట్ల కాదంట? కని ఇది వాని కుక్క. చిన్నప్పటి సంది వాని పక్కల్నే పండుకున్నది. వాని కుక్కను నేనెట్ల చంపుత దొర్సానీ? కుక్కలంటె పానం పెడతవని విన్న. అందుకే నీ గడప తొక్కిన. లేకుంటె తొక్కకపోదును."

దొర్సాని లేచి లోపలికి వెళ్లి, ఎల్లవ్వకు చెంబుతో నీళ్లు, కుక్కకు గిన్నెతో నీళ్లు తెచ్చింది. ఇద్దరూ తాగేదాకా నిలబడి, అప్పుడు అడిగింది.

"పేరేంది?"

"రాజుగాడంటడు మా పోరడు."

"రాజూ" అని పిలిచింది దొర్సాని. తెలుగు పేర్లున్న కుక్కలు మూడయ్యాయి.

ఆ ఎండాకాలం రాజుగాడే ఆ ఇంటి గురువు. వచ్చిన నాలుగు రోజులకే గోలెం పక్కన తడి మట్టిని కాళ్లతో తవ్వి, తన ఒళ్లంత గుంట చేసుకుని, పొట్ట నేలకానించి పడుకున్నాడు. భీముడు చుట్టూ తిరిగి చూశాడు. సాయంత్రానికి తనూ ఒక గుంట తవ్వాడు, కాకపోతే ఎండలో తవ్వాడు. మర్నాడు నీడలోకి మార్చాడు. "సూడు పంతులమ్మా! ఇన్ని దినాలు గోనెసంచులు తడిపి తడిపి చచ్చిన. వీడు అచ్చి ఒక్క గుంటతోని నేర్పిండు" అని ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని గట్టిగా నవ్వింది. ఆ నవ్వే నాకు ఎక్కువ గుర్తు. మూడు గుంటల్లో మూడు కుక్కలు, వేపపూత రాలి వాటి మీద పడేది. ఎల్లవ్వ కోరుట్ల అంగడికి వచ్చినప్పుడల్లా వచ్చి చూసిపోయేది. కొడుకు ముచ్చట ఆమె ఎత్తేది కాదు. దొర్సాని అడిగేది కాదు.

ఆ మరుసటి ఏడు, నడి ఎండాకాలంలో, పొద్దున మొదటి బస్సుకు ఎల్లవ్వ వచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు. కళ్లలో నీళ్లు లేవు.

"ఎన్‌కౌంటర్ అయిందట. జగిత్యాల దవఖానల ఏసిండ్రట దొర్సానీ. పేర్లు చెప్తలేరు. నా మనసు నిలుస్తలేదు."

నాకు బడి సెలవులు. సిరిసిల్ల బస్సుకు బయలుదేరి సంచి పట్టుకుని వాకిట్లో ఉన్నాను. "కారెక్కు పంతులమ్మా" అంది దొర్సాని. రాజుగాడు వేపచెట్టుకు కట్టి ఉన్నాడు. భీముణ్ని, బంగారిని లోపలి గదిలో ఉంచి, కిటికీకి తడిగుడ్డ కట్టి, ఫ్యాను వేసి, గిన్నె నిండా నీళ్లు పెట్టి తలుపు వేసింది. ఆ దినాల్లో ఎవరు ఎప్పుడు ఇల్లు సోదా చేస్తారో తెలియదు, అందుకని వీధి తలుపుకు తాళం కూడా వేసింది. ఎండ ముదరకముందే తిరిగి వద్దామనుకున్నాం.

జగిత్యాల ఆసుపత్రి వెనక, శవాల గది ముందు, బయటే వరుసగా పడుకోబెట్టారు. లోపల చోటు లేదన్నారు. ఎండ సూటిగా ముఖాల మీద పడుతోంది. ఈగలు. గేటు బయట తల్లులు, తండ్రులు. ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. దొర్సాని ఎల్లవ్వ చేయి పట్టుకుని నేరుగా నడిచింది. అడ్డొచ్చిన ఎస్సైకి తండ్రి పేరు చెప్పింది. అతను చప్పున పక్కకు జరిగి, "మేడమ్, మీరెందుకండీ ఇక్కడికి? మీ నాన్నగారిని ఊళ్లోంచి తరిమింది వీళ్లే కదా" అన్నాడు.

"తరిమిండ్రు. అయితె? చచ్చినంక గూడ మనిషిని ఎండల పండవెడుతరా?"

కారులోంచి ముతక గుడ్డల మడతలు తెచ్చింది. ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, ఒక్కొక్కరి మీద కప్పుకుంటూ వెళ్లాం. మా సిరిసిల్ల గుడ్డ. కుక్కల కోసం నేను మోసుకొచ్చిన గుడ్డ. ముఖాలు పోల్చుకునేలా లేవు. ఎల్లవ్వ ముఖాలు చూడలేదు. పాదాలు చూసుకుంటూ నడిచింది. చెట్లెక్కేవాళ్లకు కాళ్లకు వేసుకునే తాడు బంధం ఒరిసి చీలమండల దగ్గర కాయలు కాస్తాయి. ఒకచోట కూర్చుండిపోయింది. ఆ కాయల మీద చేయి వేసి, "గిదే" అంది.

గొంతు లేవబోతే పక్కనున్న పోలీసు "ఏడ్వద్దు, ఏడిస్తే బయటికి పంపిస్త" అన్నాడు. ఎల్లవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇక కాగితాలు, సంతకాలు, ఎవరో పెద్ద అధికారి రావాలన్నారు. మధ్యాహ్నం అయింది. రేకుల కప్పు కింద నిలబడ్డాం, కింది నేల కాలుతోంది. దొర్సాని చేతి గడియారం చూసుకుంది. మళ్లీ చూసుకుంది. ఆసుపత్రి వరండాలో తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది. ఆమె తలెత్తి ఆ ఫ్యానునే చూస్తూ నిలబడింది.

"కోరుట్లల కరెంటు ఉంటదంటవా, పంతులమ్మా?"

"మీరు పొండ్రి అమ్మా. ఎల్లవ్వ దగ్గర నేనుంట" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నేను కదిలితె ఈమెను గేటు బయటికి నూకుతరు. శవాన్ని ఇక్కడ్నే కాల్చేస్తరు. దొర బిడ్డెనని నన్ను ఏమంటలేరు. ఇంత కాలానికి ఆ పేరు ఒక్క మంచికి పనికొచ్చింది. నేనెట్ల పోవాలె?"

ఆ తర్వాత ఆమె గడియారం వంక చూడలేదు. దాన్ని విప్పి సంచిలో వేసుకుంది.

పొద్దు వాలాక శవాన్ని ఇచ్చారు. ట్రాక్టరు మాట్లాడి, ఎల్లవ్వను ఎక్కించి, ఊరి దాకా వెనకే కారు నడిపింది దొర్సాని. ఊళ్లో తలుపులన్నీ మూసి ఉన్నాయి. కట్టెల దగ్గరికి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అది ముగిశాకే మేం కోరుట్ల దారి పట్టాం. ఊరు దగ్గరపడుతుంటే ఎక్కడా దీపం లేదు. ఆమె కారు వేగం పెంచలేదు. తగ్గించింది. నాకు అప్పుడు అర్థమైంది, ఆమెకు ఇల్లు చేరాలని లేదు.

రాజుగాడు తాడు తెంపుకుని వరండాలో ఉన్నాడు. లోపలి గది కిటికీ కింద గోడను గీరి గీరి కాళ్లు రక్తం చేసుకున్నాడు. మొరిగి మొరిగి గొంతు పోయింది. గది తలుపు తోస్తే తెరుచుకోలేదు. లోపల ఏదో అడ్డు. ఇద్దరం కలిసి నెట్టాం. భీముడు తలుపుకు అడ్డంగా, ముక్కు తలుపు కింది సందుకు ఆనించి పడి ఉన్నాడు. వేడి ఇంకా గదిలో నిలబడే ఉంది. నీళ్ల గిన్నె బోర్లాపడి ఉంది.

బంగారికి ఊపిరి ఆడుతోంది. దొర్సాని భీముణ్ని దాటి వెళ్లి బంగారిని ఎత్తుకుని గోలెం దగ్గరికి తెచ్చింది. పొట్ట మీద, కాళ్ల మీద కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ, విసనకర్రతో విసురుతూ, "బంగారీ, నేనొచ్చిన. నేనొచ్చిన బిడ్డా" అంటూనే ఉంది. అది కళ్లు తెరిచి ఆమె చేయి నాకేదాకా ఆపలేదు. అప్పుడు లేచి గదిలోకి వెళ్లింది. భీముడి కళ్ల మీద పడిన బొచ్చును పక్కకు దువ్వింది. తెల్లవారుజామున షికారుకు పిలిచే గొంతుతో, "పోదాం పా, భీమా" అంది. కాసేపు జవాబు కోసం ఆగినట్టు ఆగింది. ఏడవలేదు. ఆమె ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవకపోతే ఇంకా భయమేసింది.

పెరట్లో పాతిపెట్టాం.

కొడుకు పేర కాకులకు ముద్ద వేసి, పక్షి పెట్టిన మర్నాడు ఎల్లవ్వ వచ్చింది. రాజుగాణ్ని చూసిపోదామని. రెండు కుక్కలే కనిపించి, పెరట్లో కొత్త మట్టి చూసి నా వైపు తిరిగింది. జరిగింది చెప్పాను. విని, ఉన్నచోటనే కూలబడింది.

"నా కొడుకు కోసం అచ్చి నీ కుక్కను పోగొట్టుకుంటివా దొర్సానీ?"

"గా మాట అనకు" అంది దొర్సాని కఠినంగా. "కొడుకు కొడుకే. కుక్క కుక్కే. రెంటినీ ఒక్క తక్కెట్ల పెట్టకు. పాపం తగుల్తది."

"తక్కెడ నాకెందుకు? పానం పానమే గద."

అని ఎల్లవ్వ రాగం ఎత్తింది. జగిత్యాలలో నోట్లో గుడ్డ కుక్కుకున్న ఏడుపు, ఊళ్లో పోలీసుల భయానికి మింగిన ఏడుపు, ఆ పెరట్లో బయటపడింది. కొడుకును పేరు పెట్టి పిలిచింది. వాడు ఎక్కిన చెట్లను పిలిచింది. భీముణ్ని పిలిచింది. ఎవరి కోసం ఏడుస్తోందో తెలియకుండా రెండు పేర్లూ కలిసిపోయాయి. పక్క ఇళ్లవాళ్లు గోడల మీదినుంచి చూశారు గానీ ఎవరూ వద్దనలేదు.

దొర్సాని కొంతసేపు స్తంభానికి ఆనుకుని నిలబడింది. తర్వాత మెల్లగా జారి నేల మీద కూర్చుంది. గొంతులోంచి ఏదో వింత చప్పుడు వచ్చింది. ఏడుపు అలవాటు తప్పిన మనిషి ఏడుపు. ఎల్లవ్వ రాగం ఆపకుండానే పక్కకు జరిగి, ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.

"ఏడ్వు చెల్లె. ఏడ్వు. ఈడ వద్దనెటోడు ఎవ్వడు లేడు."

దొర్సాని అనడం ఎల్లవ్వ ఆ రోజుతో మానేసింది ఆమె ముందు. మా దగ్గర మాత్రం లండన్ దొర్సాని అనే అంటుంది, ఇప్పటికీ.

బంగారి ఇంకో మూడు ఎండాకాలాలు చూసి, ఒక వానాకాలంలో నిద్రలో పోయింది. నేను బదిలీ మీద సిరిసిల్లకు వచ్చేశాను. అయినా కోరుట్ల మీదుగా పోయినప్పుడల్లా దిగి ఆ ఇంటికి వెళ్లేదాన్ని. రాజుగాడు ముసలివాడై, అక్కడే ఉండిపోయాడు; వాడు పోయాకే దొర్సాని పట్నంలో తమ్ముడి ఇంటికి చేరింది. ఊళ్లో కుక్కల గొడవ సద్దుమణిగాక తీసుకుపొమ్మని దొర్సాని అంటే, ఎల్లవ్వ ఒప్పుకోలేదట. తన ఇంట్లో కొడుకు లేడని రాజుగాడికి తెలియడం దేనికి అందట.

అంగడి రోజు ఎల్లవ్వ వచ్చేది. రాజుగాడు గేటు దాకా ఉరికి, ఆమె చుట్టూ రెండు సార్లు తిరిగి, కాళ్లు నాకి, ఆ తర్వాత ఆమెను దాటి గేటు అవతలికి వెళ్లి నిలబడేవాడు. ఆమె వెనక ఇంకొక మనిషి రావాల్సి ఉన్నట్టు, చెవులు నిక్కబెట్టి, దారి పొడుగునా చూసేవాడు. ఎల్లవ్వ ఓపికగా గేటు తెరిచి పట్టుకుని, వాడు తిరిగి వచ్చేదాకా ఉండేది. కానీ వాడు అట్లా ఎదురుచూడటం లండన్ దొర్సాని ఎప్పుడూ చూడలేదు. ఎల్లవ్వ వస్తున్న అలికిడి వినగానే, ఏదో పని ఉన్నట్టు, లోపలికి వెళ్లిపోయేది.